చమురుపై నిలుచు కారు: ఇంటివద్ద చేయదగిన మరమ్మతు, చేయరాని మరమ్మతు

గతుకుల బాటలో ఎద్దుబండి నెక్కి ప్రయాణము చేసినవారికి, బండికి మెత్తదనము ఏల కావలయునో వేరుగా చెప్పనక్కరలేదు. చక్రమునకు తగిలిన దెబ్బ ఇరుసు మీదుగా కూర్చున్నవాని వెన్నునకు చేరును. ఈ దెబ్బను నడుమ ఆపుటకే మోటారు బండ్లకు ఉక్కు కమానులను అమర్చిరి. కాని ఉక్కు కమానునకు ఒక లోపము కలదు. దానిని మెత్తగా చేసినచో, బరువెక్కినపుడు బండి వెనుక భాగము క్రుంగిపోవును. బరువునకు తగినట్లు గట్టిగా చేసినచో, ఒక్కడే పోవునపుడు బండి ఎగిరెగిరి పడును. ఈ చిక్కును ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ కంపెనీవారు ఉక్కు కమానును మాని, చమురుతోను వాయువుతోను తీర్చిరి.

ఈ పద్ధతిని వారు 1954లో తమ పెద్ద కారొకదానికి వెనుక చక్రములకు మాత్రము అమర్చి చూచిరి. 1955 అక్టోబరులో ప్యారిసు మోటారు ప్రదర్శనమున ‘డి.ఎస్.’ అను క్రొత్త కారును నాలుగు చక్రములకును ఈ ఏర్పాటుతో ప్రజల యెదుట నిలిపిరి. ఇందలి చమురు యంత్రాంగమునకు పాల్ మాజెస్ అను నతడు కర్త. 1975 వరకు ఈ కారులు సుమారు పదునాలుగున్నర లక్షలు తయారైనవి. ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్ దీనినే వాడెను. 1962 ఆగస్టు 22వ తేదీన హంతకులు ఆయన కారుపై తుపాకులు కాల్చగా టైర్లు పగిలినను, డ్రైవరు బండిని అదుపు తప్పనీయక తప్పించుకొని పోగలిగెను. 1965లో వెలువడిన రోల్స్ రాయిస్ వారి ‘సిల్వర్ షాడో’ కారులోను, బండి ఎత్తును సమముగా నుంచుటకు సిట్రోయెన్ వారి అనుమతితో ఈ విధానమునే కొంత వాడిరి.

ఇట్టి ధనికుల కారు మన సంఘ సభ్యులలో ఎవరికి కలదు, ఈ వ్యాసమేల యని చదువరులు అడుగవచ్చును. ఆ కారులు నేడు పాతబడినవి. ఐరోపాలో వానిని కొన్నవారు అనేకులు తమ ఇంటి షెడ్డులోనే, తమ చేతులతోనే బాగుచేసికొనుచున్నారు. ఆ పనిలో వారు పాటించు నియమములు, చమురు ఒత్తిడితో పనిచేయు ప్రతి యంత్రమునకును చెల్లును. మన పొలములో నాగలిని పైకెత్తు ట్రాక్టరు లిఫ్టు అట్టి యంత్రమే. కావున ముందు కారు సంగతి తెలిసికొని, పిమ్మట మన ట్రాక్టరు వద్దకు వత్తము.

ఇది పనిచేయు విధము

ప్రతి చక్రమునకు దగ్గరగా ఒక ఉక్కు గోళము ఉండును. దాని లోపల నడుమగా ఒక రబ్బరు పొర యుండును. పొరకు పైన నత్రజని వాయువును ఒత్తిడితో నింపి మూసివేయుదురు. పొరకు క్రింద చమురు నిలుచును. చక్రము గతుకున పడి పైకి లేచినపుడు, దాని చేయి ఒక ముషలకమును నెట్టును. అది చమురును గోళములోనికి త్రోయును. చమురు నలుగదు; వాయువు నలుగును. నలిగిన వాయువు మరల విచ్చుకొని చక్రమును క్రిందికి దింపును. అనగా ఇచట కమాను వాయువే; చమురు బరువును మోసికొనిపోవు కూలివాని వంటిది. గోళపు మెడలో సన్నని రంధ్రములు గల చిన్న కవాటము ఉండును. చమురు వానిగుండా ఇరుకుగా పోవుటచే బండి అదేపనిగా ఊగదు.

ఈ చమురును ఇంజనుతో తిరుగు పంపు సరఫరా చేయును. రెగ్యులేటరను భాగము, ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి సుమారు 170 రెట్లు కాగానే పంపు చమురును తొట్టికి మరలించును. సుమారు 145 రెట్లకు పడిపోగానే మరల పనికి పెట్టును. కారు టైరులోని గాలి ఒత్తిడి ఇందులో మిక్కిలి స్వల్ప భాగమేయని తలచినచో ఈ బలమెంతటిదో బోధపడును. రెగ్యులేటరుకు అంటియున్న మరియొక గోళము, గాదెలో ధాన్యము వలె, ఒత్తిడిని నిలువ చేసి యుంచును. బండిలో మనుష్యులెక్కి వెనుక భాగము క్రుంగగానే, ఎత్తు సరిచేయు కవాటము తెరచుకొని చమురును అదనముగా పంపును. దిగగానే ఆ చమురును తొట్టికి విడుచును. డ్రైవరు చేతి మీటతో బండిని మొత్తముగా పైకెత్తవచ్చును, దింపవచ్చును.

ఒక్క సంగతి మరువరాదు. డి.ఎస్. కారులో బ్రేకులకును ఈ ఒత్తిడి చమురే బలము. కనుక ఇందలి లోపము ప్రయాణ సుఖమునకు మాత్రమే సంబంధించినది కాదు.

రోగమును గుర్తించుట

రబ్బరు పొర ఎంత మంచిదైనను, సంవత్సరములు గడచుకొలది వాయువు దానిగుండా కొంచెము కొంచెముగా పోవుచునే యుండును. ఇందులో ఆశ్చర్యము లేదు. గోళము అరుగుదల గల వస్తువు, టైరు వంటిదే.

ఇంజను నడచుచుండగా బండి నాలుగు మూలలను ఒక్కొక్కటిగా చేతులతో నొక్కి చూడవలెను. మంచి గోళము గల మూల మెత్తగా దిగి లేచును. వాయువు పోయిన మూల బండరాయివలె నిలుచును. ఇక నిలువ గోళమును పరీక్షించుటకు రెగ్యులేటరు వద్ద చెవి యొగ్గి వినవలెను. పంపు పనిలోనికి వచ్చి పోవునపుడెల్ల ‘టిక్కు’మని చప్పుడగును. బండి కదలక నిలిచియుండగా రెండు చప్పుళ్ల నడుమ అర నిమిషము పట్టినచో సంతోషింపవచ్చును. పది సెకండ్లయినను పట్టనిచో, నిలువ గోళములో వాయువు తరిగినదనియో, చమురు ఎచటనో లోపల కారుచున్నదనియో అనుమానింపవలెను. కొన్ని గంటలు నిలిపిన పాత బండి నేలకు దిగుట మాత్రము రోగము కాదు. అది దాని స్వభావము.

చమురు విషయమున జాగ్రత్త

మొదటి కారులలో వృక్షసంబంధమైన చమురును, పిమ్మట ఎర్రని కృత్రిమ చమురును పోసిరి. రెండును గాలిలోని తేమను పీల్చుకొని లోపలి ఇనుమును త్రుప్పు పట్టించుచుండెను. అందుచే 1966 నుండి ఆకుపచ్చ రంగు గల ఖనిజపు చమురును ప్రవేశపెట్టిరి. పాత చమురునకు తగిన రబ్బరు క్రొత్త చమురునకు తగదు. క్రొత్త దానికి తగినది పాతదానికి తగదు. ఒకదానికి బదులు మరియొకటి పోసినచో రబ్బరు కట్లన్నియు ఉబ్బి చెడిపోవును. ఎర్రని చమురు బండిలో ఆకుపచ్చ చమురును, ఆకుపచ్చ చమురు బండిలో మామూలు బ్రేకు చమురును ఒక్క గరిటెడైనను పోయరాదు. చౌక యని పోసిన సీసా చమురు వలన యంత్రాంగమంతయు విప్పవలసి వచ్చును.

గోళమును మార్చు విధము

ఇంటివద్ద చేయదగిన పనులలో గోళమును మార్చుట ముఖ్యమైనది. క్రమము ఇది.

మొదట, బండిని చదునైన గట్టి నేలపై నిలిపి, చక్రములకు ముందు వెనుకల చెక్కలు అడ్డము పెట్టవలెను.

రెండవది, ఇంజను నడపి మీటతో బండిని పూర్తిగా పైకెత్తి, బండి పుస్తకములో చూపిన తావులలో బలమైన ఇనుప స్టాండులను నిలుపవలెను. ఇటుకలు, కొయ్య మొద్దులు పనికిరావు.

మూడవది, మీటను మిక్కిలి దిగువ స్థానమునకు త్రిప్పి, చక్రముల వద్ద చమురు తొట్టికి పోవునంతవరకు ఆగి, బరువు స్టాండులపై నిలిచినదని చూచుకొని, ఇంజనును ఆపవలెను.

నాలుగవది, రెగ్యులేటరు మీది విడుదల మరను ఒక చుట్టు వదలు చేయవలెను. చమురు బుస్సుమని తొట్టికి పోవు శబ్దము వినవచ్చును. ఆ శబ్దము పూర్తిగా ఆగువరకు ఏ గోళమును తాకరాదు. ఇంజను ఆగినంత మాత్రమున ఒత్తిడి పోదు. నిలువ గోళము పనియే దానిని దాచియుంచుట.

ఐదవది, గోళము చుట్టును మట్టి లేకుండ తుడిచి, పట్టీ పానాతో వదలు చేసి, చేతితో విప్పవలెను. క్రింద పళ్లెము నుంచవలెను. పాత రబ్బరు ఉంగరమును తీసివేసి, అది కూర్చుండు గాడిని శుభ్రపరచి, క్రొత్త ఉంగరమును అదే చమురుతో తడిపి అమర్చవలెను. క్రొత్త గోళమును చేతితోనే బిగింపవలెను, పానా అక్కరలేదు. ఒత్తిడి ఎక్కినపుడు ఉంగరము తనంత తానే బిగియును. ముందు గోళమునకును వెనుక గోళమునకును వాయువు కొలత వేరు గనుక ఒకదాని చోట మరియొకటి పెట్టరాదు.

ఆరవది, విడుదల మరను మూసి, ఇంజను నడపి, బండిని పైకెత్తి, స్టాండులను తీసి, మీటతో రెండు మూడుసార్లు దింపి ఎత్తవలెను. ఇరుకున్న గాలి తొట్టికి చేరును. తొట్టిలోని చమురు మట్టమును బండి మిక్కిలి ఎత్తున నున్నపుడే చూడవలెను.

చేయరాని పనులు

చమురు కారుచున్నదేమోయని గొట్టముల వెంబడి వ్రేలితో తడవరాదు. సూది మొనయంత రంధ్రమునుండి ఈ ఒత్తిడితో వెలువడు చమురు చర్మమును చీల్చుకొని కండలోనికి పోవును. పైకి ముల్లు గ్రుచ్చుకొన్నట్లే కనబడును, నొప్పియు స్వల్పమే. కాని లోపల కండ చచ్చి, ఆలస్యము చేసినచో వ్రేలినో చేతినో తీసివేయవలసి రావచ్చును. అట్లు జరిగినచో పసుపు అద్ది ఊరకుండక, తక్షణమే శస్త్రవైద్యుని వద్దకు పోయి, ఒత్తిడి చమురు లోనికి పోయినదని స్పష్టముగా చెప్పవలెను. కారుడును వెదకుటకు అట్టముక్కను అడ్డముంచి చూచిన చాలును.

గోళములో వాయువును ఇంటివద్ద నింపరాదు. అది తగిన పరికరము గలవారి పని. నత్రజనికి మారుగా వెల్డింగు పనివాని సిలిండరునుండి ఆమ్లజనిని ఎక్కించుట ప్రాణాంతకము. చమురును ఆమ్లజనియు ఒత్తిడిలో కలిసినచో ప్రేలును.

రెగ్యులేటరును, ఎత్తు కవాటములను విప్పరాదు. అందలి భాగములు వెంట్రుక మందములో స్వల్పభాగమంత సందుతో ఒరసికొని పనిచేయును. ఒక ఇసుక రేణువు చాలు, వానిని చెరచుటకు. బ్రేకులకు సంబంధించిన భాగములను నేర్పరికే విడువవలెను.

మన ట్రాక్టరు సంగతి

నాగలిని ట్రాక్టరు వెనుక మూడు చేతులతో తగిలించి, చమురు ఒత్తిడితో ఎత్తి దింపు పద్ధతిని హారీ ఫెర్గూసన్ రూపొందించెను. 1936లో ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టరుతో అది అమ్మకమునకు వచ్చెను. నేటి ట్రాక్టరులలో అధిక భాగము ఆ పద్ధతినే అనుసరించుచున్నవి. లిఫ్టులోని ఒత్తిడి పైని కారు ఒత్తిడికి ఏమాత్రము తీసిపోదు. అందులో నత్రజని గోళము లేకున్నను, పైకెత్తిన రోటవేటరు బరువే చమురును నొక్కి పట్టి యుంచును. ఇంజను ఆపినను ఆ ఒత్తిడి యుండును. ఎవరైన మీటను తాకినను, ఒక రబ్బరు కట్టు తెగినను, ఆ బరువంతయు క్షణములో క్రిందపడును. పైకెత్తిన రోటవేటరు క్రింద దూరి బ్లేడుల బోల్టులు బిగించువాడు తన ప్రాణమును ఒక రబ్బరు ఉంగరమునకు అప్పగించుచున్నాడు.

కావున ట్రాక్టరులను అద్దెకిచ్చు సంఘములవారు ఈ క్రింది మాటలను పెద్ద అక్షరములతో వ్రాయించి షెడ్డు గోడకు అంటించుట మేలు:

పనిముట్టును నేలకు దింపిన పిమ్మటనే ఇంజనును ఆపవలెను.
క్రింద పని యున్నచో బలమైన స్టాండులపై నిలుపవలెను, చమురును నమ్మరాదు.
గొట్టము విప్పుటకు ముందు ఇంజను ఆపి, మీటను అటు నిటు త్రిప్పి ఒత్తిడిని విడువవలెను.
కారుడును వ్రేలితో వెదకరాదు.
పుస్తకములో చెప్పిన చమురు తప్ప వేరొకటి పోయరాదు.

ఈ అయిదింటిని ఆచరించుటకు పెద్ద ఖర్చేమియు లేదు. ఒక జత ఇనుప స్టాండుల వెల, ఆసుపత్రిలో ఒక్క దినపు వ్యయమునకు సరిపోవును.