ఆఫీసు బాయ్ నుంచి ఆరాంకో అధిపతి దాకా

గల్ఫ్ అనగానే మన ఇళ్లల్లో మొదట గుర్తొచ్చేది వీసా, ఆ తర్వాత నెలనెలా వచ్చే డబ్బు. ఆ డబ్బుకు మూలమైన చమురును ఎంత తీయాలో నిర్ణయించే వారి గురించి మాత్రం మనం ఆలోచించం. ఇరవై ఏళ్లకు పైగా అలాంటి నిర్ణయాలు చేసిన అలీ అల్ నుఐమీ జీవితంలో మనకు పనికొచ్చే సంగతులున్నాయి.

నుఐమీ 1935లో సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలో ఒక బెదూయిన్ కుటుంబంలో పుట్టారు. 1947లో, పన్నెండేళ్ల వయసులో, ఆరాంకో చమురు కంపెనీలో ఆఫీసు బాయ్‌గా చేరారు. అప్పట్లో ఆ కంపెనీ అమెరికన్లది. పెద్ద పదవులన్నీ వారివే.

కాగితాలు మోయడంతోనే ఆయన ఆగిపోలేదు. కుర్రవాడి పట్టుదల చూసి కంపెనీయే చదువు చెప్పించింది. బీరూట్‌లో చదివాక, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో 1962లో భూగర్భశాస్త్ర పట్టా, మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో మాస్టర్స్ పట్టా పొందారు. తిరిగొచ్చి నేరుగా పెద్ద కుర్చీలో కూర్చోలేదు. ఒక్కో మెట్టే ఎక్కారు. 1984లో ఆరాంకో అధ్యక్షుడైన తొలి సౌదీ ఆయనే. 1995 నుంచి 2016 దాకా దేశానికి చమురు మంత్రి.

అలాంటి కుర్చీలో తీసుకునే నిర్ణయం ఎంత దూరం పోతుందో చూడండి. 2014 నవంబరులో వియన్నాలో ఒపెక్ సమావేశం జరిగింది. అమెరికా షేల్ చమురు పోటీతో ధర పడిపోతోంది. ఉత్పత్తి తగ్గిద్దామని కొన్ని దేశాలు కోరాయి. నుఐమీ ఒప్పుకోలేదు. మనం తగ్గిస్తే మన వాటాను ఇతరులు పట్టుకుపోతారని, ఖర్చెక్కువైన బావులే ముందు తగ్గాలని ఆయన లెక్క. ఆ ఏడాది జూన్‌లో 110 డాలర్లు దాటిన పీపా ధర 2016 జనవరిలో 30 డాలర్ల కిందికి దిగింది. సౌదీ ఖజానా ఆదాయమూ పడిపోయింది. బిల్లులు రాక నిర్మాణ కంపెనీలు కుదేలయ్యాయి. 2016లో వేలాది భారతీయ కార్మికులు జీతాల్లేక అక్కడి క్యాంపుల్లో చిక్కుకుపోయారు.

ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్న వాదన నిపుణులకే వదిలేద్దాం. మేము చెప్పదలచుకున్నది వేరు. నిర్ణయం చేసిన వ్యక్తీ, క్యాంపులో చిక్కుకున్న కార్మికుడూ ఇద్దరూ అట్టడుగు మెట్టు మీదే బతుకు మొదలుపెట్టారు. చదువు దగ్గరే వారి దారులు వేరయ్యాయి. ఆ చదువుకు నుఐమీ పట్టుదల ఒక్కటే చాలలేదు, చేయి పట్టుకుని చదివించిన వారూ ఉన్నారు.

గల్ఫ్ డబ్బుతో మనం ఇళ్లు కడుతున్నాం, పెళ్లిళ్లు ఘనంగా చేస్తున్నాం. అందులో కొంత కొడుకుతో పాటు కూతురి చదువుకూ తీసి పెడదాం. మన దుకాణంలో పనిచేసే కుర్రవాడి ఫీజు కట్టగలమేమో కూడా ఆలోచిద్దాం. రేపు ఆ కుర్రవాడు ఏ కుర్చీలో కూర్చుంటాడో ఎవరికి తెలుసు?