పెయ్యను ఉంచాలా... అమ్మాలా?

అమెరికాలో పశువుల పెంపకం అనగానే సినిమాల్లో చూసిందే గుర్తొస్తుంది. కనుచూపు మేర పచ్చిక, వేలకొద్దీ పశువులు, గుర్రాల మీద కౌబాయ్‌లు! నిజానికి అక్కడ మాంసం కోసం పెంచే మందలో సగటున ఉండేవి నలభై పైచిలుకు ఆవులే. ఇరవై, ముప్ఫైతో నెట్టుకొచ్చే ఇళ్లు బోలెడు. భర్త బడి బస్సు నడుపుతాడు, భార్య ఆసుపత్రిలోనో బ్యాంకులోనో పనిచేస్తుంది. తెల్లవారుజామున, సాయంత్రం, సెలవు రోజుల్లో పశువుల పని. మన ఊళ్లలో టీచరు ఉద్యోగం చేసుకుంటూ రెండు గేదెల్ని మేపుకొనే ఇల్లుంటుంది కదా... కాస్త పెద్ద ఎత్తున అదే!

టెక్సాస్‌లాంటి వేడి ప్రాంతాల్లో ఆ మందల్ని చూస్తే మనవాళ్లు ఓ క్షణం ఆగిపోతారు. మోపురాలు, వేలాడే గంగడోళ్లు! అది బ్రాహ్మన్ జాతి. మన ఒంగోలుతో పాటు గిర్, కాంక్రేజ్, కృష్ణాలోయ పశువుల రక్తం కలిసి తయారైంది. 1924లోనే దానికో పెంపకందారుల సంఘం ఏర్పడింది. ఎండకి సొమ్మసిల్లదు, పిడుదులకి తట్టుకుంటుంది. ఆ ఆబోతుకి హెర్‌ఫోర్డ్ ఆవుని దాటిస్తే పుట్టే పెయ్యలంటే అక్కడి రైతుకి మహా మోజు. కాడికీ బండికీ పేరుపడ్డ మన పశువు అక్కడ మాంసానికి పోతుందంటే చాలామందికి మనసొప్పదు. ఒప్పనక్కర్లేదు కూడా. కానీ ఆ ఇంటి లెక్క వింటే అందులోని కష్టం మాత్రం మన రైతుకి కొత్తగా అనిపించదు.

ఏడాదికో దూడ

ఇక్కడ పాల డబ్బుండదు. ఆవు పాలన్నీ దూడకే. ఏడాదికి ఒక్కసారి, దూడ అమ్మినప్పుడే ఆదాయం. చూడికాలం దాదాపు 283 రోజులు. అంటే ఏటా దూడ రావాలంటే ఈనిన ఎనభై రోజుల్లో ఆవు మళ్లీ చూడి కట్టాలి. పాతిక ఆవులకి ఒక ఆబోతు చాలు. దాన్ని కూడా ఏడాదంతా మందలో వదలరు, రెండు మూడు నెలలే. దూడలన్నీ ఒకే అదనులో పుడితే కాపలా తేలిక, ఒకే ఈడువి కాబట్టి సంతలో ధర కూడా మెరుగు.

ఈనే రోజుల్లో ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర ఉండదు. తొలిచూలు పెయ్యలతోనే అసలు భయం. అందుకో చిట్కా ఉంది. మేతను పొద్దున కాకుండా చీకటి పడే వేళ వేస్తే ఎక్కువ ఆవులు పగటిపూటే ఈనుతాయి. పరిశోధనల్లోనూ తేలిన విషయమే ఇది! దూడ పుట్టిన కొద్ది గంటల్లోనే జున్నుపాలు తాగిందా లేదా చూసుకోవాలి. తాగకపోతే రోగాలకి తట్టుకోలేదు.

ఏడెనిమిది నెలలకి దూడ రెండొందల యాభై కిలోల దాకా తూగుతుంది. అప్పుడు తల్లినుంచి వేరుచేస్తారు. రెండు మూడు రోజులు తల్లులు, పిల్లలు ఒకటే అరుపులు. ఒకరినొకరు చూసుకొనేలా కంచెకి అటూ ఇటూ ఉంచితే దూడలు బెంగతో చిక్కిపోవడం తగ్గుతుంది. ఆ తర్వాత ట్రెయిలర్, వేలంపాట. దూడలు పెద్ద ఫీడ్‌లాట్లకి వెళ్లిపోతాయి. చిన్న రైతు కథ అక్కడితో సరి.

అదే రోజుల్లో ఆవులన్నిటికీ చూడి పరీక్ష. కట్టని ఆవు ఎంత మంచిదైనా సాధారణంగా సంతకే. కఠినంగా అనిపిస్తుంది కానీ, ఐదొందల కిలోల ఆవు రోజుకి పదకొండు, పన్నెండు కిలోల ఎండుమేత తింటుంది. పచ్చిక లేని నాలుగు నెలల్లోనే దగ్గర దగ్గర టన్నున్నర! దూడ ఇవ్వని ఆవుకి అంత మేత పెట్టాలంటే పక్క ఆవు దూడ డబ్బు పోయాల్సిందే.

వాన కురవకపోతే...

అన్నిటికీ మూలం గడ్డి. వానలు బాగా పడే తూర్పు టెక్సాస్‌లో ఆవుకి నాలుగైదు ఎకరాలు సరిపోవచ్చు. పడమటి మెట్టల్లో పాతికెకరాలు కూడా చాలకపోవచ్చు. 2011లో టెక్సాస్‌ని కనీవినీ ఎరుగని కరవు పట్టింది. చెరువులు అడుగంటాయి. ఎండుగడ్డిని దూర రాష్ట్రాల నుంచి లారీల్లో తెప్పించుకున్నారు. ఆ ఒక్క ఏడాదిలోనే రాష్ట్రంలో ఆరు లక్షలకు పైగా మాంసపు ఆవులు తగ్గిపోయాయి. అప్పుడు అమ్మింది దూడల్ని కాదు, తల్లుల్ని. పంట అమ్మడం వేరు, విత్తనం అమ్ముకోవడం వేరు!

తర్వాతి కరవులూ, ఖర్చులూ కలిసి దేశమంతటా మందలు చిక్కిపోయాయి. 2025 జనవరి నాటికి అమెరికాలో మొత్తం పశువులు 8 కోట్ల 67 లక్షలు. 1951 తర్వాత ఇంత తక్కువ లేవు. పశువులు తగ్గితే ధర పెరుగుతుంది కదా! ఆ ఏడాది దూడల ధరలు రికార్డులు బద్దలుకొట్టాయి. మరి చిన్న రైతు పండగ చేసుకోవాల్సిందేగా?

చిక్కంతా పెయ్య దగ్గరే. ఇవాళ అమ్మితే చేతినిండా డబ్బు. ఉంచితే? పదిహేను నెలల ఈడుకి ఆబోతు దగ్గరికి వదలాలి, రెండేళ్లకి ఈనుతుంది. దాని దూడ సంతకెళ్లేసరికి పెయ్యకి రెండున్నరేళ్లు దాటుతాయి. అంతకాలం మేత, మందులు, బ్యాంకు వడ్డీ... అన్నీ పెట్టుబడే. అప్పటికి ధర ఇలాగే ఉంటుందని ఎవరు చెప్పగలరు? పైగా 2022 లెక్కల ప్రకారం అమెరికా రైతు సగటు వయసు 58 ఏళ్లు. పిల్లలు పట్నాల్లో ఉంటే, ఈ పెయ్యలు ఈనేనాటికి వాటిని చూసేదెవరన్న ప్రశ్న కూడా దొడ్లోనే ఎదురవుతుంది.

ముప్ఫై ఆవుల మంద నిలవాలంటే ముసలివీ, చూడి కట్టనివీ పోగా ఏటా నాలుగైదు పెయ్యల్ని ఉంచుకోవాలి. అందుకే వాటిని ఎంచేటప్పుడు చెవికి వేసిన నంబరు చూసి నోటుపుస్తకం తిరగేస్తారు. తల్లి ఏటా వేళకే ఈనిందా? పొదుగు, గిట్టలు బాగున్నాయా? మనిషిని చూస్తే పొడవడానికొచ్చే రకమా? పరీక్షలన్నీ నెగ్గిన పెయ్య కూడా ఒక్కోసారి ట్రెయిలరే ఎక్కుతుంది, ఆ నెల అప్పు కిస్తీని బట్టి. 2025 జనవరి లెక్కల్లో, తల్లులు కావడానికి మందల్లో అట్టిపెట్టిన పెయ్యల సంఖ్య అంతకు ముందటి ఏడాది కన్నా తగ్గింది.