గాలి కోట, గచ్చు గోడ

మొన్నటి చలికాలంలో హైదరాబాదు పాతబస్తీలో ఒక వలీమా విందుకు వెళ్లాము. ఫంక్షన్ హాలు ఆవరణలో పిల్లల కోసం గాలి నింపిన రంగుల కోటను అద్దెకు తెచ్చి నిలబెట్టారు. పిల్లలు ఎగిరి దూకుతుండగా కరెంటు పోయింది. బురుజులు మెల్లగా వంగి వారి మీదికి ఒరిగాయి. లోపల మా మదరసాలో చదివే ఎనిమిదేళ్ల బాలుడు కూడా ఉన్నాడు. పెద్దలమంతా ఆ గుడ్డను ఎత్తిపట్టి ఒక్కొక్కరినీ బయటికి తీశాము. అల్లాహ్ దయవల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు.

ఆ కోట మూతి బిగించిన బెలూన్ వంటిది కాదు. కుట్ల సందుల గుండా గాలి పోతూనే ఉంటుంది. పోయినంతా ఫ్యాను నింపుతూనే ఉండాలి. నేలకు గట్టిగా బిగించకపోతే పెనుగాలికి లేచిపోతుంది కూడా. 2021 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో, ఒక పాఠశాల ఆవరణలో అలా లేచిపోయి ఆరుగురు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. విందు ఇచ్చేవారు బిర్యానీ దేగుల మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా దాని తాళ్ల మీద, దగ్గర కాపలా నిలిచే మనిషి మీద పెట్టాలి.

పిల్లలు తేరుకున్నాక ఆ బాలుడి తండ్రి మా పక్కన కూర్చున్నారు. "హజ్రత్, ఈ హాలు ఉన్నచోట ఒకప్పుడు దేవిడీ ఉండేదట" అన్నారు.

దేవిడీ అంటే నవాబుల, జాగీర్దారుల నివాసం. వీధివైపు ఎత్తయిన గోడ, కమాను ద్వారం. లోపల మర్దానా, జనానా, వాటి నడుమ ఆకాశానికి తెరిచిన సహన్. మందమైన గోడలకు సున్నపు గచ్చు. పిల్లల ఆటలు ఆ సహన్‌లోనే. దానికి ఫ్యాను అక్కరలేదు.

మూడవ సాలార్‌జంగ్ సేకరించిన వస్తువులతో 1951లో మ్యూజియం తెరిచినది దివాన్ దేవిడీలోనే. 1968లో మ్యూజియం ఇప్పటి భవనానికి మారింది. దేవిడీ పోయి ద్వారాలు మిగిలాయి. మాల్వాలా మహల్ చోట దుకాణాలు వచ్చాయి. ఎర్రమంజిల్‌లోని ఇరమ్ మంజిల్ మాత్రం, శాసనసభ కోసం దానిని కూల్చాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేయడంతో నిలిచింది.

ప్రభుత్వాలను అనడం తేలిక. చిన్న దేవిడీలలో ఎన్నో వారసుల చేతుల మీదుగానే పోయాయి. ఫరాయిజ్ పాఠంలో ఆరో వంతు, ఎనిమిదో వంతు అంటూ మేము పలక మీద గీతలు గీస్తాము. సహన్‌ను అలా గీస్తే ఎవరికీ సహన్ మిగలదు. పంచితే ప్రయోజనం నశించే ఆస్తిని ముక్కలు చేయనక్కరలేదని, వంతులవారీగా వాడుకోవచ్చని ఫిఖ్హ్ గ్రంథాలలోనే ఉంది. దానికి ముహాయఆ అని పేరు. అద్దెకిచ్చి ఆదాయాన్ని వాటాల ప్రకారం పంచుకోవచ్చు. ఇల్లు కాపాడే నెపంతో అక్కచెల్లెళ్ల వాటా ఎగ్గొట్టడం మాత్రం హరామ్.

ఇరవై ఏళ్ల క్రితం మా బంధువుల ఇంటి వాటాలు మేమే లెక్కగట్టాము. లెక్క తప్పలేదు. కానీ ముహాయఆ మాట ఆ రోజు మా నోట రాలేదు. ఏడాది తిరగకుండానే ఇల్లు నేలమట్టమైంది.

ఆ బాలుడి తాతగారు ఈమధ్యనే పరమపదించారు. సహన్ ఉన్న పాత ఇల్లు, వారసులు ఎనిమిదిమంది, బిల్డరు రెండుసార్లు వచ్చి వెళ్లాడట. "వాటాలు లెక్కకట్టి ఇవ్వండి, హజ్రత్" అన్నారు తండ్రి.

జుమా తరువాత వస్తామని, కాగితం తీసే ముందు ఇల్లంతా ఒకసారి చూస్తామని, ఎనిమిదిమందినీ ఆ సహన్‌లోనే కూర్చోబెట్టమని చెప్పాము. ఈలోగా కరెంటు వచ్చింది. కోట మళ్లీ లేస్తోంది. బాలుడు చెప్పులు విప్పుతున్నాడు.