మానని పుండుకు మన రక్తమే ఔషధమా?

నెలల తరబడి మానని పాదవ్రణంతో నా వద్దకు వచ్చే మధుమేహ రోగులు తరచుగా అడిగే ప్రశ్న: “పసుపు రాస్తే చాలదా?” చాలదు.

ఇట్టి మొండి పుండును సుశ్రుతుడు దుష్టవ్రణమన్నాడు. వ్రణచికిత్సకు 60 ఉపక్రమాలు చెప్పాడు. ముందు శోధనం, అనగా శుభ్రపరచడం. తరువాత రోపణం, అనగా మాన్పడం. ఇదీ ఆయన క్రమం.

నేటి ప్లాస్మా చికిత్సదీ ఇదే క్రమం. పుండును శుభ్రపరచిన పిమ్మట, రోగి రక్తాన్నే కొద్దిగా తీసి, యంత్రంలో వేగంగా తిప్పి, ప్లేట్‌లెట్లు అధికంగా గల భాగాన్ని వేరుచేసి దానిపై ఉంచుతారు. ప్లేట్‌లెట్ల నుండి వెలువడే వృద్ధికారకాలు కొత్త రక్తనాళాలు ఏర్పడడానికి తోడ్పడతాయి.

అయితే రక్తంలో చక్కెర అదుపు తప్పినా, పాదానికి రక్తప్రసరణ తగ్గినా, పుండుపై బరువు పడుతున్నా ఆశించిన ఫలితం దక్కదు. నొప్పి లేదని ఊరుకోరాదు. స్పర్శ పోయిన పాదం బాధను తెలుపదు. పుండు కనిపించిన నాడే వైద్యునికి చూపండి. కాలిని పోగొట్టేది ఆలస్యమే.