ట్రెడ్‌మిల్‌కి కొబ్బరినూనె రాయొద్దు

ఉద్దానంలో తలుపు కిర్రుమన్నా కొబ్బరినూనే మందు. 2018లో తిత్లీ తుఫాను చెట్లని కూల్చింది గానీ ఆ నమ్మకాన్ని కాదు. “బెల్ట్‌కి కూడా కాస్త రాసేద్దాం బాబూ” అన్నారు నాన్న. వద్దన్నాను. బెల్ట్ కింద వేయాల్సింది సిలికాన్ ఆయిలే, అదీ ప్లగ్ తీశాకే.

బెల్ట్ ఎడమకి జరుగుతోందా? మనిషి ఎక్కకుండా మెషిన్‌ని నెమ్మదిగా తిరగనిచ్చి, వెనక ఎడమ బోల్టుని అలెన్ కీతో గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పండి. ఒక నిమిషం చూడండి. సరిపోకపోతే ఇంకో పావు. కుడికి జరిగితే కుడి బోల్టుని అలాగే. తొందరపడి ఎక్కువ తిప్పితే బెల్ట్ అంచు చిరుగుతుంది.

ఉప్పుగాలికి బోల్టులు తుప్పుపడతాయి, పొడిగుడ్డతో తుడవాలి. ఎర్త్ ఉన్న ప్లగ్ పాయింటే వాడాలి. పక్క పట్టాల మీద నిలబడి, సేఫ్టీ క్లిప్ చొక్కాకి తగిలించాకే స్టార్ట్ నొక్కాలి.

అసలే కిడ్నీ జబ్బుల ప్రాంతం మనది. ఉక్కపోతలో పరుగులొద్దు. డయాలసిస్‌లో ఉన్నవాళ్లయితే ఎంత నడవాలో, ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్ని అడిగాకే ఎక్కాలి.