క్యాన్సర్ కణాలకు దారి చూపే సంకేత ప్రోటీన్

రొమ్ము క్యాన్సర్‌లో ప్రాణాపాయం ఎక్కువగా తొలి కణితి వలన కాక, ఇతర అవయవాలకు వ్యాపించిన కణాల వలన కలుగుతుంది. ఆ కణాలు ఎముక మజ్జ, ఊపిరితిత్తులు, కాలేయం వంటి చోట్లకే అధికంగా ఎందుకు చేరతాయన్న ప్రశ్నకు 2001లో 'నేచర్' పత్రికలో వెలువడిన పరిశోధన ఒక కారణాన్ని చూపింది. ఈ అవయవాలలో సీఎక్స్‌సీఎల్12 అనే సంకేత ప్రోటీన్ అధికం. దానిని గుర్తించే సీఎక్స్‌సీఆర్4 అనే గ్రాహకం రొమ్ము క్యాన్సర్ కణాల ఉపరితలంపై ఉంటుంది. సంకేతం అందగానే కణంలోని యాక్టిన్ పోగులు ఒక పక్కకు పేరుకొని, పాదం వంటి భాగం ముందుకు చాచుకొంటుంది; ప్రోటీన్ గాఢత హెచ్చుగా ఉన్న దిశకు కణం కదులుతుంది. తెల్లరక్తకణాలు సంచరించే పద్ధతి కూడా ఇదే కావడం గమనార్హం.

ఎలుకలలో ఈ గ్రాహకాన్ని ప్రతిరక్షకంతో అడ్డగించగా వ్యాప్తి తగ్గింది. అయితే దీనిని చికిత్సగా పేర్కొనరాదు. ఇదే గ్రాహకాన్ని నిరోధించే ప్లెరిక్సాఫర్ ఔషధానికి 2008లో అమెరికాలో లభించిన అనుమతి, కొన్ని రక్త సంబంధ క్యాన్సర్ల రోగుల నుంచి మూలకణాలను సేకరించడానికే గాని, క్యాన్సర్ వ్యాప్తి నివారణకు కాదు.