మంచులో ఎండిపోయే గాలిగొట్టాలు

చలికాలపు ఒలింపిక్స్ టీవీలో చూసిన పాఠకుడొకరు అడిగారు: "క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో 50 కిలోమీటర్లు పోయేవాళ్ళలో చాలామంది ఇన్‌హేలర్ వాడతారట. ఉబ్బసం ఉన్నవాళ్ళు అసలు అంతదాకా ఎలా వస్తారండీ?" ఇలాంటి ప్రశ్న వస్తే మిగతా ఉత్తరాలు పక్కన పెట్టాల్సిందే. ఎందుకంటే వరస తిరగబడింది. వాళ్ళలో చాలామంది ఉబ్బసంతో స్కీయింగ్‌కు వచ్చినవాళ్ళు కారు. ఏళ్ళ తరబడి స్కీయింగ్ చేసి ఉబ్బసం తెచ్చుకున్నవాళ్ళు.

ఉబ్బసం సంగతి అందరికీ తెలిసిందే. గాలిగొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, గోడ వాస్తుంది, కళ్ళె పడుతుంది, పిల్లికూతలు మొదలవుతాయి. స్వీడన్ డాక్టర్లు 1993లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తమ దేశపు అగ్రశ్రేణి స్కీయర్లను పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. దాదాపు సగం మందిలో ఉబ్బసం లక్షణాలు, ఇట్టే బిగుసుకుపోయే గాలిగొట్టాలు కనిపించాయి. 1998 నగానో ఒలింపిక్స్‌కు వెళ్ళిన అమెరికా జట్టులో కూడా అంతే. మొత్తం క్రీడాకారుల్లో నాలుగో వంతుకు కాస్త తక్కువ మందికి శ్రమ వల్ల శ్వాసనాళాలు బిగుసుకుంటే, క్రాస్ కంట్రీ స్కీయర్లలో అది సగం.

చలి వల్లే అనుకోవడం సహజం. అసలు దొంగ మాత్రం పొడిదనం.

మైనస్ 10 డిగ్రీల గాలి లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములకు మించి ఆవిరి మోయలేదు. అదే గాలి ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరేసరికి 37 డిగ్రీలకు వేడెక్కి, లీటరుకు 44 మిల్లీగ్రాముల నీటితో నిండాలి. తేడా 42. ఊరికే కూర్చున్నప్పుడు మనం నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు పీలుస్తాం, అదీ ముక్కుతో. ముక్కు గాలిని తడిపి, వెచ్చబెట్టి లోపలికి పంపుతుంది. శ్రమ పెరిగి నిమిషానికి 40 లీటర్ల దగ్గరికి వచ్చేసరికి నోరు తెరవక తప్పదు. ఉద్దండులైన స్కీయర్లు పూర్తి జోరులో 200 లీటర్లు కూడా దాటిస్తారు. మనం 100 దగ్గరే ఆగి లెక్కేసినా లోపలికి వెళ్ళే గాలి నిమిషానికి 4 గ్రాములకు పైగా నీళ్ళు అడుగుతోంది. వదిలే ఊపిరి అందులో కొంతే గోడలకు తిరిగిస్తుంది.

ఆ నీళ్ళు ఇచ్చేది గాలిగొట్టాల లోపలి గోడ మీద పరుచుకున్న పల్చటి తడి పొర. పెద్ద శ్వాసనాళం నుంచి మొదటి పది తరాల కొమ్మల దాకా ఆ పొరనంతా ఒకచోట పోగేసినా ఒక మిల్లీలీటరు కూడా ఉండదు! అడిగేది నిమిషానికి 4 గ్రాములు, నిల్వ ఉన్నది మిల్లీలీటరు లోపు. గోడ కణాలు అడుగు నుంచి నీరు తోడిపోస్తూనే ఉంటాయి కానీ ఆ వేగానికి అందుకోలేవు. విశాఖ బీచ్ రోడ్డు మీద 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న పొద్దున పరుగెత్తేవాళ్ళకు గాలే లీటరుకు 24 మిల్లీగ్రాములు మోసుకొస్తుంది. వాళ్ళ గాలిగొట్టాల మీద పడే భారం స్కీయర్ల భారంలో సగం కూడా ఉండదు.

ఇక్కడి నుంచి కథ నాకు ప్రాణం. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఆవిరి కాదు. మిగిలిన కాస్త తడిలో ఉప్పు చిక్కబడుతుంది. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్టే, ఆ చిక్కటి ఉప్పుతడి చుట్టుపక్కల కణాల్లోని నీటిని లాగేస్తుంది. అలా కుంచించుకుపోయినవాటిలో మాస్ట్ కణాలు కూడా ఉంటాయి. అవి హిస్టమిన్, ల్యూకోట్రయిన్లు, ప్రోస్టాగ్లాండిన్లను బయటికి వదులుతాయి. ఆ రసాయనాలు తగిలిన కండరం బిగుస్తుంది.

దీన్ని తేల్చడానికి చాలా కాలం పట్టింది. పరుగుతో వచ్చే ఆయాసాన్ని దాదాపు 2 వేల ఏళ్ళ కిందటే గ్రీకు వైద్యుడు అరిటేయస్ వర్ణించాడు. కారణం దగ్గరే అందరూ తడబడ్డారు. అమెరికాలో మెక్‌ఫాడెన్ అనే గొప్ప పరిశోధకుడు సన్నటి ఉష్ణోగ్రతా సాధనాలను మనుషుల శ్వాసనాళాల్లోకే దించి కొలిచాడు. గడ్డకట్టే గాలిని జోరుగా పీలుస్తుంటే పెద్ద శ్వాసనాళం పైభాగం 20 డిగ్రీల చుట్టుపక్కలకు పడిపోయింది. చల్లబడిన గొట్టం పరుగు ఆగగానే గబగబా వేడెక్కుతుందని, రక్తనాళాలు ఉబ్బి దారి మూసేస్తాయని ఆయన వాదన. కొలత అద్భుతం, వాదన సగమే. ఆస్ట్రేలియాలో సాండ్రా ఆండర్సన్, సహచరులు 1984లో పీల్చే గాలిలో నీటి పాళ్ళు మార్చకుండా ఉష్ణోగ్రత ఒక్కటే మార్చి చూశారు. చల్లటి గాలైనా వెచ్చటి గాలైనా బిగుసుకోవడం ఇంచుమించు ఒకటే! చిక్కటి ఉప్పునీటి తుంపర పీల్పిస్తే పరుగూ చలీ లేకుండానే, కుర్చీలో కూర్చున్న ఉబ్బసం మనిషికే ఆయాసం వచ్చింది. చలి పాత్ర లేదని కాదు. గాలిని తడిపే పనిని అది ఇంకా లోపలి సన్న కొమ్మల దాకా నెడుతుంది.

ఈ విషయాన్ని పట్టి ఇచ్చే పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. క్రీడాకారుణ్ణి మామూలు గదిలో కూర్చోబెట్టి, సిలిండర్‌లోని పొడి గాలిని 6 నిమిషాలు వీలైనంత జోరుగా పీల్చమంటారు. అంత జోరుగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి కళ్ళు తిరుగుతాయి కాబట్టి ఆ గాలిలో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలుపుతారు. తర్వాత కొన్ని నిమిషాలకోసారి గొట్టంలోకి ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి 10 శాతం తగ్గితే తేలిపోయినట్టే. తగ్గేది ఎక్కువగా ఆపాక 5, 10 నిమిషాలకు. పోటీ గీత దాటి మంచులో పడిపోయిన స్కీయర్‌కు దగ్గు తెరలు ఆ తర్వాతే ముదరడానికి కారణం ఇదే.

ఇదంతా ఒక్కనాటితో పోదు. ఏటా వందల గంటల సాధనలో ఆ గోడ ఎండుతూ, చిట్లుతూ, మానుతూ ఉంటుంది. నార్వేలో మాల్కమ్ సూ-చూ యువ స్కీయర్ల శ్వాసనాళాల నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తే, ఉబ్బసం లేదనుకున్నవాళ్ళలో కూడా వాపు, మచ్చకట్టిన గుర్తులు కనిపించాయి. మామూలు ఉబ్బసానికి బాగా పనిచేసే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఆయన ప్రయోగంలో ఈ స్కీయర్లకు పెద్దగా ఒరగబెట్టలేదు. ఇది అలర్జీ ఉబ్బసానికి చుట్టమే కానీ అదే జబ్బు కాదని నా నమ్మకం.

జనం మాట్లాడేది మాత్రం డోపింగ్ గురించే. 2016లో నార్వే స్కీయర్ మార్టిన్ సుండ్‌బీ ఇన్‌హేలర్ మందు సాల్బ్యుటమాల్ హద్దు దాటిన కేసులో టైటిళ్ళు పోగొట్టుకున్నప్పటి నుంచి ఇన్‌హేలర్ పట్టుకున్న ప్రతివాణ్ణీ దొంగలా చూస్తున్నారు. ఆరోగ్యవంతుడు రెండు పఫ్‌లు పీల్చినంత మాత్రాన ఓర్పు పెరగదని ప్రయోగాలు చాలావరకు చెబుతూనే ఉన్నాయి. దెబ్బ తగిలిన గొట్టానికి మందు వద్దంటామా?

ఉపశమనాలు ఉన్నాయి. వదిలే ఊపిరిలోని తేమను పట్టి తిరిగిచ్చే మాస్కులు స్కాండినేవియాలో దొరుకుతాయి. ముక్కూ నోరూ కప్పిన మఫ్లర్ కొంత ఆ పనే చేస్తుంది. మిన్నెసోటాలోనో స్టాక్‌హోమ్‌లోనో జనవరి పొద్దున జాగింగ్ చేసే మనవాళ్ళు కట్టుకుంటే మంచిది. పోటీల్లో మాత్రం ఊపిరికి అడ్డమని స్కీయర్లు ఈ మాస్కులు తీసేస్తారు. ముందుగా కాసేపు గట్టిగా వార్మప్ చేస్తే కొందరికి ఒకటి రెండు గంటలు గొట్టాలు మొండికెత్తి బిగుసుకోవు. పోటీ ఆపడానికి అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టుకున్న గీత మైనస్ 20. ఆ గీత ముఖానికీ వేళ్ళకూ రక్షణ. గాలిగొట్టం అడిగే నీరు సున్నా డిగ్రీల దగ్గరే లీటరుకు 39 మిల్లీగ్రాములు, మైనస్ 20లో 43. మైనస్ 18లో 50 కిలోమీటర్లు పరుగెత్తించడానికి రూలు ఒప్పుకుంటుంది. ఆ గొట్టం మీది మిల్లీలీటరు నీరు ఏ రూలు పుస్తకంలోనూ లెక్కకు రాదు.